ఒక సున్నా కథ: కాశేలి నుంచి కువైట్ దాకా

ఠాణా వైపు నుంచి పాత ఆగ్రా రోడ్డు మీద వస్తే బాల్కుం దాటగానే ఖాడీ వస్తుంది. దాని మీద వంతెన. వంతెనకు అటు ఠాణా, ఇటు మా కాశేలి. కాళ్ళలో సత్తువ ఉన్నవాడు నడిచి దాటే దూరమే. ఖాడీకి రెండు వైపులా నీళ్ళు ఒకటే, దోమలూ ఒకటే. టెలిఫోన్ల లెక్కలో మాత్రం అది సరిహద్దు. అటువైపు కోడు 022. అంటే బొంబాయి. ఇటువైపు 02522. అంటే భివండి. అటు ఫోన్లు 1986లో పుట్టిన మహానగర్ టెలిఫోన్ నిగమ్‌వి. ఇటువి టెలికాం శాఖవి. 2000 అక్టోబరు 1 నుంచి అవి భారత్ సంచార్ నిగమ్ చేతికి వచ్చాయి. బొంబాయిలో ఉన్నామని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నవాడి గుట్టు అతని ఫోన్ కోడు దగ్గర బయటపడేది. "బొంబాయంటివి, గీ కోడు వేరే ఉన్నదేందిరా?" అని సిరిసిల్లలో ఒక మేనమామ నా ముందే ఒకణ్ణి నిలదీశాడు.

ఫోన్ నంబరు అనేది చరిత్ర రాయదగ్గ విషయమా అని కొందరికి అనిపించవచ్చు. చెరువులకీ కోటలకీ చరిత్ర ఉన్నప్పుడు, వేల కుటుంబాలు చీటీల మీద రాసుకుని జేబుల్లో, రైకల్లో, ట్రంకుపెట్టెల మూతల లోపల దాచుకున్న అంకెలకు మాత్రం ఎందుకు ఉండకూడదు? నేను కామర్సు చదివినవాణ్ణి. అంకె కనిపిస్తే అది ఎక్కడినుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది అని వెతకడం అలవాటు. పైగా ఒక అంకె విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది చెప్పాలంటే ముందు కొంత వెనక్కి వెళ్ళాలి.

మనవాళ్ళు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, నిజామాబాద్ జిల్లాల నుంచి భివండికి వచ్చి సాంచాల మీద నిలబడ్డ తొలి రోజుల్లో ఊరికీ ఇక్కడికీ మధ్య ఉన్నవి రెండే: ఉత్తరం, టెలిగ్రాం. ఉత్తరం మామూలు సంగతులకు, టెలిగ్రాం చావుకు. పద్మానగర్ గల్లీలోకి తంతి మనిషి సైకిలు వచ్చిందంటే ఏ ఇంటి ముందు ఆగుతుందో అని ఆడవాళ్ళు వాకిట్లోనే నిలబడిపోయేవారు. తల్లి ప్రమాదంలో ఉంది, వెంటనే బయల్దేరు అని ఇంగ్లీషులో నాలుగు మాటలు ఉండేవి. ఆ నాలుగు మాటల్లో 'ప్రమాదం' అంటే అప్పటికే అయిపోయిందని అర్థమని అందరికీ తెలుసు. ఆ టెలిగ్రాం సేవ 2013 జూలైలో మూతపడింది. మూతపడిందని విని బాధపడ్డవాళ్ళు మా గల్లీలో ఎవరూ లేరు.

ఫోన్ లేకపోలేదు. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882 జనవరిలోనే తెరిచారు. కాని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేయాలి. ఎక్స్ఛేంజీలో ఆపరేటరమ్మకు ఊరి పేరు, నంబరు, మన పేరు చెప్పి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. రైల్లో తరగతులున్నట్టే వీటిలోనూ డబ్బును బట్టి ముందు వెనకలు. ఆర్డినరీ బుక్ చేసినవాడు పొద్దున కూర్చుంటే సాయంత్రానికి లైను దొరికినా దొరికినట్టే. సేఠ్‌లు అర్జెంటు బుక్ చేసి సూరత్‌తో నూలు ధర మాట్లాడేవారు. సాంచా మీద పనిచేసే మనిషికి ట్రంకు కాల్ అనేది సేఠ్ గదిలోంచి వినపడే కేకలు మాత్రమే.

ఆపరేటరమ్మ అవసరం లేకుండా ఊరినుంచి ఊరికి నేరుగా డయలు తిప్పి మాట్లాడే సౌకర్యం మన దేశంలో మొట్టమొదట కాన్పూరు, లక్నోల మధ్య 1960 నవంబరులో వచ్చింది. ఎస్టీడీ అన్నది దానినే. దాంతో దేశానికి ఒక కొత్త అవసరం కలిగింది. మనిషి చేసే పని యంత్రం చేయాలంటే ప్రతి ఊరికీ ఒక అంకె ఉండాలి. ఆపరేటరమ్మకు "భివండి" అంటే చాలు. యంత్రానికి భివండి అంటే ఏమిటో తెలియదు, 2522 అంటేనే తెలుస్తుంది.

ఈ అంకెలు ఎవరో గుడ్డిగా పంచినవి కావు. దేశాన్ని ముక్కలు చేసి, మొదటి అంకెతో దిక్కు తెలిసేటట్టు పెట్టారు. ఢిల్లీ, పంజాబు వైపు 1. మహారాష్ట్ర, గుజరాతులకు 2. బెంగాల్, అస్సాం వైపు 3. తమిళనాడు, కేరళలకు 4. ఉత్తరప్రదేశ్‌కు 5, బీహారు, ఒడిశాలకు 6, మధ్యప్రదేశ్‌కు 7, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు 8. నాలుగు మహానగరాలకు జంట అంకెలు: 11, 22, 33, 44. డయలు తిప్పే ఫోన్లలో 1 తిప్పితే ఒక్క టిక్కు, 9 తిప్పితే తొమ్మిది టిక్కులు, సున్నా తిప్పితే పది. చిన్న అంకెలు త్వరగా అవుతాయి. ఢిల్లీకి 11 ఇచ్చారంటే దేశం మొత్తం మీద అన్నిటికంటే తక్కువ టిక్కుల కోడు రాజధానికి దక్కిందన్న మాట. పెద్దమనిషికి ముందు పీట వేయడం యంత్రాలక్కూడా నేర్పారు.

మనవాళ్ళ వలస దారి ఈ పట్టికలో చూస్తే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. సిరిసిల్ల 08723, జగిత్యాల 08724, కరీంనగర్ 0878, వరంగల్ 0870, నల్లగొండ 08682, నిజామాబాద్ 08462, సిద్దిపేట 08457. అన్నీ ఎనిమిదితో మొదలయ్యేవే. వెళ్ళిన ఊళ్ళు చూడండి: సోలాపూర్ 0217, సూరత్ 0261, బొంబాయి 022, భివండి 02522. అన్నీ రెండు. మగ్గం వదిలి సాంచా పట్టుకున్నవాళ్ళ మూడు తరాల ప్రయాణం ఎనిమిదిలోంచి రెండులోకి. 1972 ఆగస్టులో వచ్చిన పిన్ కోడులో లెక్క వేరు. అక్కడ మన ఊరు 5, వచ్చిన రాష్ట్రం 4. తపాలావాళ్ళకూ టెలిఫోన్‌వాళ్ళకూ మొన్నమొన్నటిదాకా ఒకటే శాఖ, 1985లో గాని విడిపోలేదు. ఒకే ఇంట్లో ఉండి కూడా దేశాన్ని రెండు రకాలుగా పంచుకున్నారు. అన్నదమ్ముల పంపకాలు చూసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

హైదరాబాద్ కోడు 0842గా ఉండేదని యాభై దాటిన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తర్వాత అది 040 అయింది. ఎనిమిది ఊళ్ళ మధ్య రాజధాని ఒక్కటే నాలుగులోకి వెళ్ళిపోయింది. బెంగుళూరు 0812 పోయి 080 అయింది, పుణె 0212 పోయి 020 అయింది. పెద్ద ఊళ్ళలో ఫోన్లు పెరిగి నంబర్లలో అంకెలు పెరిగే కొద్దీ కోడు చిన్నది చేయవలసి వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయినా ఈ కోడులు మాత్రం కదలలేదు. విజయవాడ 0866, కరీంనగర్ 0878 ఇప్పటికీ ఒకే ఎనిమిది కింద పక్కపక్కనే ఉన్నాయి.

ఇక ఆ ముందుండే సున్నా. నా కథంతా దాని చుట్టూనే ఉంది కనుక నిదానంగా చెబుతాను. సిరిసిల్ల కోడు 08723 అని మనం రాస్తాం. నిజానికి సిరిసిల్ల కోడు 8723 మాత్రమే. సున్నా సిరిసిల్లది కాదు, ఎవరిదీ కాదు. 'నేను మా ఊరు దాటి బయటి ఊరికి పోతున్నాను, తలుపు తియ్యి' అని మన ఊరి ఎక్స్ఛేంజీకి కొట్టే గంట అది. ఊళ్ళోనే ఉన్న ఇంటికి చేస్తే ఆ గంట కొట్టనక్కరలేదు. అందుకే ఏ ఊళ్ళోనూ లోకల్ నంబర్లు సున్నాతో మొదలు కావు. రెండు సున్నాలు కొడితే దేశం దాటిపోతున్నానని అర్థం. 00 అంటే పరదేశపు తలుపు.

దేశాలకు కూడా ఇలాగే అంకెలు పంచారు. 1964లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ తరఫున ప్రపంచాన్ని మండలాలుగా విభజించారు. అమెరికా, కెనడాలకు 1. ఆఫ్రికాకు 2. యూరపులో ఫోన్లు ఎక్కువ కనుక 3, 4 రెండూ ఆ ఖండానికే. దక్షిణ అమెరికా వైపు 5, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపు 6, అప్పటి సోవియట్ యూనియన్‌కు 7, తూర్పు ఆసియాకు 8. పశ్చిమాసియా నుంచి బర్మా దాకా 9. అందులో మనకు 91, పాకిస్తానుకు 92, శ్రీలంకకు 94, బర్మాకు 95. ఫోన్లు ఎక్కువ కాగలవన్న దేశాలకు రెండంకెలు, చిన్న దేశాలకు మూడంకెలు. అందుకే సౌదీ 966, కువైట్ 965, ఒమాన్ 968, ఎమిరేట్స్ 971, బహ్రెయిన్ 973, ఖతర్ 974. మనమూ గల్ఫువాళ్ళూ ఒకే తొమ్మిదో మండలం. ఎవరు ఎవరి దగ్గరికి కూలికి పోతారో 1964లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత పదేళ్ళకే చమురు ధర పెరిగింది. మరి కొన్నాళ్ళకు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి జనం విమానం ఎక్కడం మొదలయింది.

ఆ విమానం బొంబాయిలో ఎక్కేవారు. ఏజెంట్లు బొంబాయిలో, మెడికల్ పరీక్షలు బొంబాయిలో. వీసా వచ్చేదాకా నెల, రెండు నెలలు ఎక్కడుండాలి? భివండిలో మేనత్త కొడుకు దగ్గర, కాశేలిలో ఊరివాడి గదిలో. అలా మా గల్లీలకు గల్ఫుతో చుట్టరికం కలిసింది. కొందరైతే ఇక్కడి సాంచా దిగి అట్నుంచటే విమానం ఎక్కేశారు. ఇంటివాళ్ళు ఊళ్ళో కొందరు, భివండిలో కొందరు, మనిషి కువైట్‌లో. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెల పట్టేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పటికి నేను ఇరవై ఒక్క ఏళ్ళవాణ్ణి, పరీక్షలు రాసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. కువైట్‌కు బయటి లైన్లు తెగిపోయాయి. 965 తిప్పితే ఏమీ లేదు, చెవిలో హోరు. ఊళ్ళో ముసలి తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసింది భివండిలో ఉన్న తమ్ముళ్ళు. ఆ నెలల్లో పద్మానగర్ ఎస్టీడీ బూతుల ముందు వరసలు నేను చూశాను. ఎవరైనా అమ్మాన్ చేరి అక్కణ్ణించి ఫోన్ చేస్తారేమోనని ఆశ. ఆ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా విమానాలు 488 సార్లు తిరిగి లక్షకు పైగా జనాన్ని దింపాయి. ఒక ఇంటివాళ్ళు తమ మనిషి వచ్చాడో లేదో తెలియక పన్నెండు రోజులు సహార్ విమానాశ్రయం బయట విడతలవారీగా కాపలా ఉన్నారు. అతను వచ్చాడు. మొదటి మాట, "నంబరు యాదికి లేదే" అన్నాడట. చీటీ సామానులో ఉండిపోయింది, సామాను కువైట్‌లో ఉండిపోయింది.

ఎస్టీడీ బూతుల గురించి కొంచెం చెప్పాలి. సామ్ పిట్రోడా ఉత్సాహంతో 1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడింది. అది తయారుచేసిన 128 లైన్ల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీ మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. వేడికీ దుమ్ముకూ తట్టుకుని, ఏసీ గది లేకుండా నడిచే ఎక్స్ఛేంజీలు వచ్చాకే చిన్న ఊళ్ళకు నేరుగా తిప్పే ఫోన్ దక్కింది. ఆపైన పసుపు బోర్డుల బూతులు. చాలావాటిని వికలాంగులకు ఇచ్చారు. గాజు తలుపు, లోపల ఒక స్టూలు, నెత్తిన ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు. మనిషి మాట్లాడేది ఫోన్‌లో, చూపు మీటరు మీద. పొద్దుపోయాక రేటు తగ్గుతుంది, బాగా పొద్దుపోతే పావు రేటుకు వస్తుంది. అందుకని షిఫ్టు దిగిన మనుషులు స్నానం కూడా చేయకుండా ఒంటి మీద దూదితో వచ్చి వరసలో నిలబడేవారు. రోజంతా సాంచాల మోత మధ్య ఉండి వచ్చిన చెవులు కదా, ఫోన్‌లో అరిచేవారు. ఒక ఇంటి సంగతి వరసలో ఉన్న ఇరవై మందికీ తెలిసేది.

ఇంట్లో ఫోన్ లేనివాళ్ళకు ఫోన్ వచ్చేది కిరాణా కొట్టుకు. నంబరు పక్కన 'పీ.పీ.' అని రాసేవారు. పక్కింటివాళ్ళ ఫోన్, పిలిస్తే వస్తారు అని దాని భావం. పెళ్ళి పత్రికల మీద కూడా పీ.పీ. అని అచ్చు వేయించినవాళ్ళున్నారు. కొట్టు సేఠ్ మంచివాడైతే పిల్లవాణ్ణి పంపేవాడు. వాడు మూడంతస్తులు ఎక్కి కేక వేసి వీళ్ళు దిగి వచ్చేసరికి అవతల సౌదీలో రియాళ్ళు కరిగిపోయేవి. అందుకని తెలివైనవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మొదట చేసి "పది నిమిషాలకు మళ్ళ చేస్త, పిలిపియ్యి సేఠ్" అని పెట్టేయడం. శుక్రవారం అక్కడ సెలవు కనుక ఎక్కువ ఫోన్లు ఆ రోజే. కువైట్, సౌదీలకు మనకూ రెండున్నర గంటల తేడా, దుబాయికి గంటన్నర. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఇక్కడ పదకొండున్నర. కొట్టు షట్టరు సగం దించి కూర్చున్న సేఠ్‌లు ఉండేవారు, వాళ్ళ మేలు మరువరాదు.

ఇప్పుడు నా సంగతి. 1994. నేను బ్యాంకులో చేరి మూడేళ్ళు. భివండి శాఖలో పని. తెలుగు తెలిసినవాణ్ణని మనవాళ్ళు ఫారాలు నింపించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవారు. ఒక పెద్దాయన, సాంచాల మీద కళ్ళు పాడయి కండెలు చుట్టే పనికి మారినవాడు, కొడుకు సౌదీ నుంచి పంపిన డ్రాఫ్టులు జమ చేయడానికి వచ్చేవాడు. ఒకరోజు ఉత్తరం తెచ్చాడు. కొడుకు రాశాడు: అవ్వకు పానం బాగుంటలేదని వింటిని, ఫోన్ నంబరు సక్కగ రాసి పంపుండ్రి. పెద్దాయన నా బల్ల ముందు నిలబడి, "సారూ, జర మీ చేత్తోని మంచిగ రాసియ్యుండ్రి, మేం రాస్తే వంకర పోతది" అన్నాడు.

నేను బ్యాంకు కాగితం తీసుకుని, స్కేలు పెట్టి గీత గీసి, నల్ల ఇంకుతో రాశాను. ముందు 91. పక్కన అడ్డగీత. తర్వాత 02522. మళ్ళీ అడ్డగీత. తర్వాత వాళ్ళ గల్లీ కిరాణా కొట్టు నంబరు, కింద పీ.పీ. దేశం కోడు కూడా వేశాను కదా అని నాకు లోపల కొంచెం గొప్పగా కూడా ఉంది. శాఖలో అప్పటికి దేశం కోడు తెలిసినవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో.

రెండు నెలలకు ఆ తల్లి మంచం పట్టింది. కొడుకు పనిచేసే కంపెనీ పోస్టుబాక్సుకు టెలిగ్రాం పంపారు. కార్మికుల క్యాంపులో ఫోన్ లేదు, ఇక్కడినుంచి చేయడానికి నంబరు లేదు. అతనే చేయాలి. చేస్తాడని తెలుసు. ఆమె అడిగితే సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుని కిందికి తెచ్చి కిరాణా కొట్టు పక్కన ఉంచారు. రెండు సాయంత్రాలు. ఫోన్ మోగినప్పుడల్లా సేఠ్ ఆమె వైపు చూసేవాడట. సరుకుల ఫోన్లు, వేరేవాళ్ళ ఫోన్లు. మూడోనాడు పొద్దున ఆమె పోయింది.

కొడుకు ఫోన్ చేయకపోలేదు. టెలిగ్రాం అందిన సాయంత్రమే బస్సెక్కి పట్నానికి పోయి, టెలిఫోన్ క్యాబిన్‌లో నిలబడి, నేను రాసినది రాసినట్టు తిప్పాడు: 00, 91, 02522, ఆపైన నంబరు. అరబ్బీలో ఒక గొంతు, ఇంగ్లీషులో ఒక గొంతు, నంబరు సరిగా లేదని. మళ్ళీ తిప్పాడు. వరసలో వెనకవాళ్ళు తిట్టారు. మర్నాడు మళ్ళీ పోయాడు. మూడోరోజు క్యాబిన్ నడిపే మలయాళీ అతని చేతిలో కాగితం తీసుకుని చూసి, వేలితో సున్నా మీద కొట్టి, ఇది తీసేయ్ అన్నాడు. తీసేసి తిప్పితే ఒక్కసారికే మోగింది. ఫోనెత్తిన సేఠ్ మాట్లాడలేక, పిల్లవాడి చేతికి ఇచ్చాడు. ఆ పిల్లవాడు చెప్పాడు.

ఇదంతా నాకు 1996లో తెలిసింది, అతను సెలవు మీద వచ్చి తండ్రితో బ్యాంకుకు వచ్చినప్పుడు. కాగితం ఇంకా అతని పర్సులో ఉంది. మడతల దగ్గర చినిగింది, నా అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. "తప్పు ఎవల్ది గాదు సారూ, మాకు తెల్వకపాయె" అన్నాడు. తండ్రి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. తప్పు నాది అని నేను అన్నాను. దానికి వాళ్ళిద్దరూ ఏమీ అనలేదు. ఆరోజు కూడా డ్రాఫ్టు జమ చేశాను, రసీదు ఇచ్చాను, వాళ్ళు వెళ్ళిపోయారు.

పొరపాటు ఎక్కడుందో ఇప్పుడు పాఠకులకు తెలిసే ఉంటుంది. సున్నా మన దేశం లోపలి తలుపుకు కొట్టే గంట. బయటినుంచి వచ్చేవాడు 91 తిప్పగానే దేశంలోకి వచ్చేశాడు, నేరుగా అసలు ఇంటి పేరు చెప్పాలి: 2522. అక్కడ మళ్ళీ సున్నా కొడితే యంత్రానికి అర్థం కాదు. సౌదీ నుంచి కాని కువైట్ నుంచి కాని, 00 అనేది వాళ్ళ దేశం దాటడానికి, 91 మన దేశం, 2522 మన ఊరు, ఆపైన ఇల్లు. ఊరినుంచి చేసేవాడికి 02522, పరదేశం నుంచి చేసేవాడికి 2522. ఒకే ఊరికి రెండు రూపాలు. నేను వాటిని ఒకే గీత మీద కలిపేశాను.

ఆ తర్వాత బల్ల గాజు కింద ఒక అట్ట పెట్టుకున్నాను. ఎడమవైపు 'ఊరి నుండి', కుడివైపు 'గల్ఫు నుండి'. ఎవరు నంబరు రాసిమ్మన్నా రెండూ రాసి ఇచ్చేవాణ్ణి. కొందరికి ఇది చాదస్తంగా తోచేది. పరదేశపు తలుపు కూడా అన్ని దేశాల్లో ఒకటి కాదని అప్పుడే చదివి తెలుసుకున్నాను. గల్ఫులో 00, అమెరికాలో 011, ఆస్ట్రేలియాలో 0011. అమెరికా నుంచి అల్లుడు ఉత్తరంలో 011 అని రాస్తే, అది ఢిల్లీ కోడని మా సహోద్యోగి ఒకాయన ఢిల్లీ డైరెక్టరీ వెతికాడు. ఈ గొడవ లేకుండానే ముందు ప్లస్ గుర్తు వేసే పద్ధతి పెట్టారు. ప్లస్ అంటే 'మీ దేశంలో బయటికి పోయే తలుపు ఏదైతే అది' అని. సున్నా వదలాలన్న సూత్రం కూడా ప్రపంచమంతటా చెల్లదు. ఇటలీలో 1998 నుంచి బయటినుంచి చేసినా ఊరి ఫోన్ల సున్నా ఉంచాల్సిందే. కామర్సులోనూ అంతే, సూత్రం నేర్చుకున్న మరునాడే మినహాయింపు వస్తుంది.

తర్వాతి చరిత్ర వేగంగా జరిగింది. 2000 తర్వాత కొన్నేళ్ళు ఒక కొత్త చిక్కు వచ్చింది. రాష్ట్రంలో దగ్గరి ఊళ్ళకు సున్నా బదులు 95 తిప్పమన్నారు. బొంబాయి నుంచి భివండికి 952522, భివండి నుంచి బొంబాయికి 9522. రేటు తక్కువ కనుక అందరూ సంతోషించారు, దుకాణాల బోర్డుల మీద, విజిటింగ్ కార్డుల మీద 95తోనే అచ్చు వేయించారు. ఆ కార్డు దుబాయి వెళ్ళింది. అక్కడివాడు 0091 తర్వాత 95 కూడా తిప్పాడు. మళ్ళీ అదే గొంతు, నంబరు సరిగా లేదని. ఆ 95 పద్ధతి తర్వాత ఎత్తేశారు. మా కాశేలి రోడ్డు మీద ఒక గోదాము గోడ మీద మాత్రం చాలాకాలం అలాగే ఉండింది.

2003లో కొత్త జాతీయ నంబరింగు ప్రణాళిక వచ్చింది. నాకు నచ్చినది అందులోని లెక్క. దేశంలో ఏ నంబరైనా కోడుతో కలిపి పది అంకెలే. కోడు పెద్దదైతే నంబరు చిన్నది, కోడు చిన్నదైతే నంబరు పెద్దది. బొంబాయి 22కు ఎనిమిది, కరీంనగర్ 878కి ఏడు, భివండి 2522కు ఆరు, సిరిసిల్ల 8723కు ఆరు. పద్దు ఎటు కూడినా పదే. ఆ రోజుల్లోనే ప్రభుత్వ కంపెనీల పాత నంబర్లకు ముందు 2 చేరింది. 91 కలిపితే పన్నెండు. అంతర్జాతీయ నంబరు పన్నెండంకెలు దాటరాదని పూర్వం ఉన్న హద్దుకు సరిగ్గా సరిపోయింది. 1996 చివరినుంచి ఆ హద్దును పదిహేనుకు పెంచారు.

సెల్‌ఫోన్ 1995 జూలై 31న మొదలయింది. కలకత్తాలో రైటర్స్ బిల్డింగు నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, వచ్చే ఫోనుకు కూడా డబ్బు కట్టాలి. 2003 మే నుంచి వచ్చే ఫోనుకు డబ్బు పోయింది. సాంచా మీద పనిచేసే మనిషి చేతికి సెల్లు వచ్చింది ఆ తర్వాతే. 2006 మార్చిలో దేశమంతటికీ నిమిషానికి రూపాయి అన్నారు. పావు రేటు కోసం రాత్రి వరసలో నిలబడే అవసరం దానితో తీరింది. బూతులు ఒక్కొక్కటే జెరాక్సు దుకాణాలుగా, రీచార్జి కొట్లుగా మారాయి. పీ.పీ. అన్న రెండక్షరాల అర్థం మా పిల్లలకు తెలియదు.

సెల్లుకు ఊరి కోడు లేదు. సిరిసిల్లలో కొన్న నంబరు భివండిలో మోగుతుంది. ఎనిమిది, రెండు అన్న తేడా మాసిపోయింది. సున్నా మాత్రం పోలేదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్లుకు చేస్తే ముందు సున్నా తిప్పాలని నిబంధన వచ్చింది, కొత్త నంబర్లకు చోటు చేయడానికి. ల్యాండ్‌లైన్లు మిగిలింది ఎందరికి గనుక! మా ఇంటిది 2017లో తిరిగి ఇచ్చేశాను.

ఇప్పటికీ బ్యాంకులో కొన్ని ఫారాలు చూస్తే చేయి ఆగుతుంది. గల్ఫు ఖాతాదార్ల ఫారాల్లో భివండి నంబరు +91 తర్వాత సున్నా వేసి రాస్తారు. ఫోన్ పుస్తకంలో నంబర్లు సున్నాతో దాచుకున్నవాళ్ళు వాట్సాప్‌లో అన్న కనిపించడం లేదని, దుబాయి పోయాక మన ఫోన్లు కలవడం లేదని వస్తారు. ఇంకొందరు దీనికి ఎదురు తప్పు చేస్తారు. 91తో మొదలయ్యే సెల్ నంబర్లు కూడా ఉన్నాయి కదా, అందులోని 91ని దేశం కోడనుకుని కొట్టేసి ఎనిమిదంకెలు మిగుల్చుకుంటారు. పది లెక్క పెట్టమంటాను. పది ఉంటే ముందు 91 వేయాలి, పది కంటే ఎక్కువ ఉండి ముందు సున్నా కనిపిస్తే అది కొట్టేయాలి.

మొన్న ఒక కుర్రవాడు, దమ్మాం వీసా వచ్చినవాడు, పత్రాలతో వచ్చాడు. ఇంటి ఫోన్ గడిలో తల్లి సెల్లు నంబరు రాశాడు, ముందు 91, తర్వాత సున్నా. అతను సంతకం పెట్టి ఫారం నా వైపు జరిపాడు. నేను అతని చేతిలోని పెన్ను అడిగి తీసుకుని సున్నా కొట్టేసి, పక్కన దిద్దుబాటుకు అతని చేత పొట్టి సంతకం చేయించాను.